చిన్న మున్సిపల్ స్కూల్లో పాపని చేర్చేముందు నేను ఏమేం చూశాను

పాపకి ఐదేళ్లు నిండాయి, ఒకటో తరగతిలో ఎక్కడ వేయాలన్న చర్చ మా ఇంట్లో వేసవంతా నడిచింది. విశాఖపట్నం ఆరిలోవలో మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఒక జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ప్రాథమిక పాఠశాల ఉంది. ఒకటి నుంచి ఐదు వరకే, పిల్లలు అరవైకి లోపు. ఆ పేరెత్తితే చాలు, "అక్కడ చదువేటుంటాదమ్మా, అందరూ కూలోళ్ల పిల్లలే" అనేవాళ్లు మా వీధిలో. చదువు ఎలా ఉందన్నది ఒక ప్రశ్న, చదివేది ఎవరన్నది ఇంకో ప్రశ్న, రెండింటినీ ఒక్క మాటలో కలిపేస్తున్నారు. నాకు అది నచ్చలేదు. విడివిడిగా కనుక్కుందామని మావారితో చెప్పాను.

ముందు ఫోన్లోనే మొదలుపెట్టాను. దేశంలో ప్రతి స్కూలుకీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. కేంద్ర విద్యాశాఖ వాళ్లు స్కూళ్ల వివరాలు పెట్టే యూడైస్ ప్లస్ వెబ్‌సైట్‌లో 'నో యువర్ స్కూల్' అనే చోట ఆ కోడ్ కొడితే స్కూలు వివరాలు వస్తాయి, పిల్లలెందరు, టీచర్లెందరు, గదులు, టాయిలెట్లు అన్నీ. మార్కులు మాత్రం అందులో ఉండవు. అందుకని స్కూలు తెరవగానే వెళ్లి హెడ్‌మాస్టర్ మేడమ్‌ని కలిశాను.

"మేడమ్ గారూ, రిజల్ట్స్ ఎలా ఉన్నాయండీ?" అని అడిగితే ఆవిడ రిజిస్టర్ తీసి నా ముందు పెట్టారు. "శాతాలు చెప్పమంటే చెప్తానమ్మా, కానీ ముందు ఇది చూడు" అన్నారు. మూడో తరగతి హాజరు పట్టీలో ఒక పిల్లాడి పేరు ఎదురుగా సంక్రాంతి సెలవుల తర్వాత వరుసగా ఆబ్సెంట్లే, ఫిబ్రవరి మధ్యలో మళ్లీ హాజరు మొదలవుతుంది. వాళ్లది శ్రీకాకుళం వైపు ఊరట, తండ్రి బిల్డింగ్ పనులకి ఇక్కడికి వచ్చాడు, పండక్కి వెళ్తే పొలం పని చూసుకుని గానీ తిరిగి రారు. ఇంకో ఇద్దరి ఇంటిభాష ఒడియా. ఆ ముగ్గురికీ తెలివి తక్కువేం లేదు, కానీ పరీక్షలో వెనకబడ్డది వాళ్లే.

తొమ్మిదిమంది ఉన్న తరగతి అనుకోండి. ఒక్క పిల్లాడు ఊరెళ్లి పరీక్ష రాయకపోయినా తరగతిలో పాసైనవాళ్ల శాతం పదకొండు దాకా తగ్గిపోతుంది. పెద్ద స్కూల్లో అదే మార్పు ఎవరికీ కనపడదు కూడా. కాబట్టి ఇంత చిన్న బడిలో "గతేడాది 78, ఈ ఏడాది 67" అంటే టీచర్ పాఠం సరిగ్గా చెప్పలేదని అర్థం చేసుకోకూడదు, ఆ తొమ్మిదిమంది ఎవరో అడగాలి. ఈ వివరాలు స్కూళ్ల దగ్గర ఉంటాయి కూడా. 2022-23 నుంచి యూడైస్ ప్లస్‌లో ఒక్కో విద్యార్థి వివరాలు విడిగా ఎక్కిస్తున్నారు, మాతృభాష, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, ప్రత్యేక అవసరాలు, అన్నీ. వేరొకరి పిల్లల వివరాలు నాకు చూపించకూడదు, నేనూ అడగలేదు. మొత్తంగా ఎలాంటి కుటుంబాలో చెప్పమంటే మాత్రం మేడమ్ ఓపిగ్గా చెప్పారు.

నాకు అసలు టెన్షన్ పెట్టింది టీచర్ల సంగతి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో అరవైమంది వరకు ఇద్దరు టీచర్లు. లెక్కకి ముప్పైమందికి ఒకరు, వినడానికి బాగానే ఉంటుంది, కానీ తరగతులు ఐదు! ఒక టీచరు ఒకే గదిలో రెండు మూడు తరగతులకి చెప్పాలి, పైగా హెడ్‌మాస్టర్‌కి యాప్‌లలో ఎంట్రీల పని వేరే. ఇది పిల్లల తప్పూ కాదు, టీచర్ల తప్పూ కాదు. కానీ మార్కుల మీద దీని ప్రభావం ఉండితీరుతుంది, ఈ మాట ఎవరూ గట్టిగా అనరెందుకో.

చివరగా చదివించి చూశాను. ప్రథమ్ సంస్థ పల్లెల్లో చేసే అసర్ సర్వేలో ఒక తేలికైన పద్ధతి ఉంది, అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ, బిడ్డ ఎక్కడిదాకా చదవగలిగితే అది ఆ బిడ్డ స్థాయి. మేడమ్ సరేనంటే మూడో తరగతిలో ఒక పాపని చదవమన్నాను. మన పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు కదా, ఆ పాప ఇంగ్లీషు పేజీని అరచేత్తో మూసేసి, తెలుగు కథ ఆగకుండా చదివి, అందులో కుందేలు ఎందుకు దాక్కుందో నాకు చెప్పింది. ఇంగ్లీషు పేజీ దగ్గరకొచ్చేసరికి మాటలు కూడబలుక్కుంది. అంటే ఇక్కడ తెలుగు గట్టిగా వస్తుంది, ఇంగ్లీషు మేం ఇంటి దగ్గర చూసుకోవాలి. నాకు కావలసిన జవాబు దొరికింది.

పాపని అక్కడే చేర్చాం. తర్వాత పేరెంట్స్ కమిటీలోకి కూడా వెళ్లాను, చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగంమంది ఆడవాళ్లు ఉండాలి. మొదటి మీటింగ్‌లోనే ఒకటి అడిగాను, తరగతి శాతంతో పాటు ఎంతమంది కథ చదవగలుగుతున్నారు, ఎంతమంది మాటల దగ్గరే ఆగిపోతున్నారు, మధ్యలో ఎంతమంది వచ్చారు, ఎంతమంది వెళ్లారు, పేర్లు లేకుండా ఒక కాగితం మీద రాసి కమిటీకి ఇవ్వమని. మేడమ్ ఒప్పుకున్నారు, ఎస్ఏ-1 (ఆ ఏడాది మొదటి సమ్మెటివ్ పరీక్షలు) నుంచి ఇస్తున్నారు. ఒడియా మాట్లాడే ఆ ఇద్దరికీ సాయంత్రం ఓ అరగంట తెలుగు చదివించడానికి ఇంటర్ చదివే మా పక్కింటి అమ్మాయి వస్తానంది.