సాయంత్రం ఐదింటి ఫోన్

నిద్ర పట్టట్లేదు. విషయం చూస్తే ఇంతే, మన చర్చి సంఘం గ్రూపులో సెక్రటరీగారి మెసేజ్. "అమ్మా, ఈ వారం అప్‌డేట్ రాలేదు. కనీసం నాలుగు ఫొటోలు పంపండి, ఆదివారం స్క్రీన్ మీద వెయ్యాలి." మిషన్ పనికి ఆఫ్రికాలోని మలావీ వెళ్లిన మా ఇంటి చిన్నది పొద్దున్నే పెట్టింది కదా, పక్కింట్లో చావు జరిగింది, రెండు రోజులు అక్కడే ఉంటానని. ఆ మెసేజ్ కిందనే సెక్రటరీగారిది. దాని కింద వరసగా దండాల బొమ్మలు.

మలావీ పల్లెల్లో చావింటికి పోవడమంటే దండ వేసి, ఇంటివాళ్లను పలకరించి, గంటలో బండెక్కి వచ్చేయడం కాదు. ఆడవాళ్లు శవం ఉన్న గదిలో నేల మీదే కూర్చుంటారు. మగవాళ్లు బయట, మంట చుట్టూ. వచ్చేవాళ్లు మక్కపిండో, కట్టెలమోపో, బిందెడు నీళ్లో తెస్తారు. రాత్రంతా పాటలు. కొత్తగా వచ్చినదానికి అక్కడ ప్రసంగం పని లేదు. లంగా మీద చిటెంజె గుడ్డ చుట్టుకుని, తలకు గుడ్డ కట్టుకుని, "పెపాని", అయ్యో పాపమని ఒక్కమాట చెప్పి, జాగా దొరికిన చోట కూర్చోవాలి. కాళ్లు తిమ్మిరెక్కుతాయి. లేవకూడదు. ఆ రాత్రి కూర్చున్న మనిషిని ఊరు గుర్తుపెట్టుకుంటుంది, ఆ తర్వాత చేసే ఏ మీటింగునూ అంత గుర్తుపెట్టుకోదు. అట్లాంటి గదిలో ఫోన్ పైకెత్తి ఫొటో తీస్తే ఇక అంతే సంగతులు.

ఇది ఒక్క సెక్రటరీగారి గొడవే అయితే ఇంత రాత్రి రాసేదాన్ని కాదు. మన ఇంటిది కూడా ఉంది. మనకూ వాళ్లకూ మూడున్నర గంటల తేడా. ఇక్కడ అన్నాలు తిని, టీవీ కట్టేసి, ఎనిమిదిన్నరకు వదిన వీడియో కాల్ చేస్తుంది. అక్కడప్పుడు ఐదు. పొద్దు వాలేముందు ఆ గంట వాళ్లకు బంగారం లాంటిది. పొలం నుంచి వచ్చి, బయట పొయ్యి వెలిగించి, "మ్వాస్వేరా బ్వాంజీ", పగలెట్లా గడిచిందని ఒకరినొకరు అడుగుతూ కూర్చునే గంట అది. ఆరైతే చీకటి. రోజూ సరిగ్గా ఆ గంటే చిన్నది లోపల గోడకు ఆనుకుని, సిగ్నల్ దొరికే మూలన కూర్చుని, ఇక్కడి కూర సంగతి, కుక్కర్ సంగతి వింటుంది. వాకిట్లోకి వచ్చిన పిల్లలు కాసేపు చూసి వెళ్లిపోతారు. నాలుగు రోజులు అట్లా జరిగితే ఐదో రోజు రావడం మానేస్తారు.

అందుకే ఫోన్లే వద్దు, నెలకొక ఉత్తరం చాలు అనుకున్నాను. సాయంత్రం అత్తమ్మతో అదే అన్నాను. ఆమె పల్లికాయ ఒలుస్తోంది. ఇక ఆ కథే మొదలు పెట్టింది, మీకు తెలిసిందే, మా ఇంట్లో పల్లికాయ ముట్టుకుంటే వచ్చే కథ. విత్తనం కోసం కాయ కొట్టేటప్పుడు గింజ మీది ఎర్రపొర చిరగకూడదు, చిరిగితే మొలక రాదు, అందుకే చిరిగినవి వేరే చాటలో పోస్తారు. అత్తమ్మ చిన్నప్పుడు మిషన్ బంగ్లా నుంచి ఒక దొరసాని నర్సు వచ్చి, పుస్తకం పక్కన పెట్టి, వాళ్లతోపాటు ఒలవడానికి కూర్చుందట. "గామె చేతిల పడ్డయన్నీ పచ్చడికే పాయె బిడ్డా. మా అవ్వ నవ్వుకుంట చాట మార్చింది. పొద్దుగూకేదాంక లెవ్వలే." ఏం బోధించిందో అత్తమ్మకు గుర్తులేదు. ఎన్ని గింజలు చెడగొట్టిందో మాత్రం నిన్నటి సంగతిలా చెబుతుంది. అదే బంగ్లాలో ఏళ్లకేళ్లు ఉండి, వేళ ప్రకారం వరండాలోకి వచ్చి, వేళ ప్రకారం లోపలికి వెళ్లిన వాళ్లూ ఉన్నారట. వాళ్ల పేర్లు కూడా ఆమెకు రావు.

రాస్తుంటే ఇప్పుడనిపిస్తోంది, ఆ రెండో రకం వాళ్లకు ఫోన్లు లేవు కదా. ఓడలో ఉత్తరం వచ్చేసరికి వారాలు పట్టిన కాలం. అయినా ఊళ్లో ఉండి ఊళ్లో లేరు. వాళ్లను ఆపింది ఫోన్ కాదు, కాంపౌండు గోడ, వంటవాడు, ఎండాకాలం కొండ మీది ఊళ్లకు ప్రయాణం. కాబట్టి ఫోన్ మీద పడటం సగం అన్యాయం. పాతవాళ్లంతా గొప్ప అనడం మిగతా సగం.

1903లో మన తెలుగు బాప్టిస్టులే జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు పంపారు, అక్కడి తోటల్లో కూలికి కుదిరిన తెలుగువాళ్ల దగ్గరికి. ఆ డిసెంబరులోనే కియర్స్నీలో సంఘం నిలబడింది. మన సంఘంలో ఎవరు మిషన్ గురించి మాట్లాడినా ఆయన పేరు తీస్తారు, అంత తొందరగా నీకెందుకు కాదని చిన్నదాన్నీ అడుగుతారు. ఆయన వెళ్లింది తన భాష మాట్లాడే మనుషుల దగ్గరికి. చిన్నది అక్కడి భాష చిచెవా అక్షరం ముక్క రాకుండా దిగింది.

భాష దగ్గరే అసలు తప్పులు జరుగుతాయి. మొదటి రోజు నుంచే అనువాదకుణ్ణి వెంటేసుకుంటే జనం మొహాలు అతని వైపు తిరుగుతాయి, మళ్లీ మన వైపు తిరగవు. మొదటి మూడు నెలలు వేరే పని పెట్టుకోకూడదు. ఒక మనిషి దగ్గర రోజుకు నాలుగు వాక్యాలు, ఆమె గొంతులోనే రికార్డు చేసుకుని, నాలుక తిరిగేదాకా అనుకుని, అదే రోజు అదే వీధిలో ఎదురైన ప్రతివాళ్లకూ అప్పజెప్పాలి. తప్పు పలికితే నవ్వుతారు, నవ్వినవాళ్లే సరిదిద్దుతారు. కూరగాయలు నెలకోసారి పట్నం సూపర్ మార్కెట్‌లో కాదు, రోజూ సంతలో ఒక టమాటా కుప్ప. వంట కూడా నేర్చుకోవాలి. వాళ్ల న్సీమా అంటే మన మక్కగట్కే, కాకపోతే పిండి మెత్తన. ముందు పలచగా జావ కాచి, అది ఉడికాక పిండి కొంచెం కొంచెంగా పోస్తూ చెక్క తెడ్డుతో కుండ అంచుకేసి నొక్కి తిప్పాలి. ఒక్కసారే పోస్తే ఉండలు కడుతుంది, ఎంత తిప్పినా విడదు. పక్కింటామె చేతి నుంచి తెడ్డు తీసుకుని చెయ్యి నొప్పెట్టేదాకా తిప్పితే, ఆ పూట పాఠం వేరే అక్కర్లేదు.

ఇంటి ఫోన్ పూర్తిగా ఆపితే పిల్ల బెంగపడుతుంది, ఆ బెంగతో అర్ధరాత్రిదాకా స్క్రీన్ జరుపుతూ కూర్చుంటుంది, పొద్దున కళ్లు తెరవలేదు. అది ఇంకా నష్టం. కాబట్టి వారానికి ఒకటే కాల్. ఆదివారం ఇక్కడ రాత్రి పదిన్నరకు, అక్కడ ఏడు, చీకటి పడి, వాకిలి ఖాళీ అయ్యాక. వదిన నిద్రపోయే వేళ అది, ఒప్పించాలి. మిగతా రోజులు వాయిస్ మెసేజ్‌లు, తీరినప్పుడు వింటుంది. సంఘానికి నెలకొక కాగితం, జరిగిన పది రోజులకు రాసింది. ఫొటోలో ఉన్నవాళ్లను అడగకుండా ఏదీ స్క్రీన్ మీదికి రాకూడదు.

సెక్రటరీగారికి ఇంకో సంగతీ చెప్పాలి. డిసెంబరులో ఎనిమిది మంది టీమ్ వెళ్లాలంటున్నారు, పిల్లల కూటాలు పెట్టడానికి. అక్కడ వానలు నవంబరులో మొదలవుతాయి, డిసెంబరంటే ఇల్లంతా మక్క పొలంలో విత్తుతూ, కలుపు తీస్తూ ఉంటుంది. జనవరి, ఫిబ్రవరిల్లో ఇంట్లో పాత గింజలు అడుగంటుతాయి, అప్పుడెళ్లి ఎనిమిది మంది వాళ్లింట్లో తింటారా? కోత అయిపోయిన జూన్, జూలై నయం. అప్పుడు మన బళ్లు తెరుస్తారు, సెలవు దొరకదంటారు. దొరికిన ఇద్దరే వెళ్తే మరీ మంచిది.