మూడో కాలు

బేస్ గిటార్‌లో కేబుల్ గుచ్చే సాకెట్ మార్చడం అరగంట పని అంటారు. నాకు నెల పట్టింది. నిన్ననే ఒడ్డున పడ్డాను, ఒళ్లు మంట ఇంకా తగ్గలేదు.

చర్చిలో వాయించే బేస్ అది. 9 వోల్టుల బ్యాటరీ వేసే యాక్టివ్ రకం. కేబుల్ కాస్త కదిలితే చాలు, బరబరమని ఒకటే చప్పుడు. మ్యూజిక్ షాపువాడు మూత కూడా విప్పకుండా "సర్క్యూట్ పోయింది సర్, రెండు వేలు అవుతుంది, వారం పడుతుంది" అన్నాడు. సర్క్యూట్ పోలేదు, వాడి మొహం. నట్టు వదులైనప్పుడల్లా నేను బయటి నుంచే బిగించాను. దాంతోపాటు లోపల సాకెట్టూ తిరిగి, వైర్లు మెలిపడి ఒకటి తెగింది. బిగించేటప్పుడు లోపలివైపు సాకెట్‌ని వేళ్లతో గట్టిగా పట్టుకోండి.

కోఠి గుజరాతీ గల్లీలో పావు అంగుళం సాకెట్ అడిగాను.

"మోనోనా, స్టీరియోనా?"

గిటార్‌కి స్టీరియో ఎందుకు? "మోనో" అన్నాను ధీమాగా.

పాతదానికి వైర్లు అతికే కాళ్లు మూడు, వైర్లూ మూడు. కొత్తదానికి రెండే కాళ్లు. బ్యాటరీ నల్ల వైరూ గ్రౌండే (కరెంటు తిరిగి వెళ్లే దారి) కదా అని రెండు గ్రౌండ్లూ ఒకే కాలికి అతికేశాను. సోల్డరింగ్ మాత్రం నాకు చెప్పక్కర్లేదు, అతుకు అద్దంలా మెరిసింది. సౌండ్ కూడా బ్రహ్మాండంగా వచ్చింది.

రెండు వారాలు తిరక్కుండా, ఆదివారం కానుకల పాట మధ్యలో బేస్ గొంతు బొంగురుపోయింది, తర్వాత పూర్తిగా ఆగిపోయింది. పాడేవాళ్లంతా వెనక్కి తిరిగి చూశారు. కొత్త బ్యాటరీ వేశాను. మళ్లీ పన్నెండు రోజులకి ప్రాక్టీసులో అదే కథ. నాసిరకం బ్యాటరీ అమ్మాడని కిరాణా కొట్టువాణ్ని తిట్టాను, పాపం.

కీబోర్డ్ వాయించే ఇంటర్ కుర్రాడు కేబుల్ చుడుతూ అడిగాడు. "అన్నా, పాత సాకెట్‌కి ఎన్ని కాళ్లు?"

"మూడు."

"కొత్తదానికి?"

నేను మాట్లాడలేదు. డ్రమ్స్ బ్రదర్ నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లాడు.

ఆ మూడో కాలే బ్యాటరీకి స్విచ్. నల్ల వైరు దానికే వెళ్లాలి. కేబుల్ గుచ్చితే పిన్ను పొడుగాటి మెడ ఆ కాలినీ గ్రౌండునీ ఒకేసారి తాకుతుంది, అప్పుడే కరెంటు కదులుతుంది. కేబుల్ పీకితే ఆగిపోతుంది. నేను నేరుగా కలిపేసినందుకు బేస్ బీరువా పక్కన నిలబడి రాత్రీ పగలూ బ్యాటరీ తాగుతూ ఉంది.

నిన్న మళ్లీ కోఠి వెళ్లి స్టీరియోది తెచ్చాను. ఏ కాలు ఏదో ఊహించొద్దు, కంపెనీని బట్టి మారుతుంది. కేబుల్ గుచ్చకముందూ, గుచ్చాకా మల్టీమీటర్ పెట్టి ఏది దేనికి కలుస్తోందో చూసుకోండి. అతకడం పావుగంటలో అయిపోయింది.

షాపాయన గుర్తుపట్టాడు. "మోనో పనిచేయలేదా?"

"అది బాగానే ఉంది. ఇది మా ఫ్రెండ్‌కి" అన్నాను.