అయిదో నెలలో పళ్లు క్లీన్ చేయించుకున్నాను, నా అనుభవం

కడుపుతో ఉన్నప్పుడు, మూడో నెలలో నాకు చిగుళ్ల నుంచి రక్తం రావడం మొదలైంది. పొద్దున్నే బ్రష్ చేసి ఉమ్మితే నురగ ఎర్రగా వచ్చేది. బ్రష్ గట్టిగా ఉందేమోనని మెత్తది కొన్నాను, తగ్గలేదు. వేవిళ్లు కూడా అప్పుడే, రోజుకు మూడు నాలుగు వాంతులు, నోట్లో ఆ పులుపు పోవాలని ప్రతిసారీ వెంటనే బ్రష్ చేసేదాన్ని. అది తప్పని తర్వాత తెలిసింది. నాలుగో నెల చివర్లో కింది ముందు పళ్ల మధ్య, చిగుళ్ల మీద, కందిగింజంత ఎర్రటి బుడిపె లేచింది. నాలుక తగిలినా రక్తమే. ఆ రాత్రి ఫోన్ లైటు వేసుకుని అద్దం ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, మా ఆయన లేచి వచ్చి పడుకోమనేదాకా అలాగే చూసుకుంటూ ఉన్నాను. క్యాన్సర్ అనే మాట పైకి అనలేదు కానీ మనసులో తిరుగుతున్నది అదే.

మేముండేది విజయవాడ సత్యనారాయణపురంలో. దగ్గర్లోని ఒక క్లినిక్‌కి వెళితే, కడుపుతో ఉన్నానని చెప్పగానే డాక్టర్ గారు నోరు సరిగ్గా చూడకుండానే "డెలివరీ అయ్యాక రండమ్మా, ఇప్పుడు రిస్క్" అనేశారు. క్లీనింగ్‌కి ఎంతవుతుందని అడిగితే 1,500 అన్నారు. ఇంట్లో అత్తయ్యదీ అదే మాట, "కడుపుతో ఉన్నదానివి, పళ్ల జోలికి పోకమ్మా, గార తీయిస్తే పళ్లు వదులైపోతాయి" అని. ఆవిడ నా మీద ప్రేమతోనే అన్నారు, ఆవిడకి ఇంకోలా చెప్పినవాళ్లు లేరు.

మా ఆడపడుచు ఇంగ్లండ్‌లో ఉంటుంది, రెండేళ్ల కింద అక్కడే కాన్పయింది. వీడియో కాల్‌లో నా సంగతి విని, "వదినా, ఇక్కడ కడుపుతో ఉన్నవాళ్లకి పళ్ల వైద్యం ఫ్రీ, కాన్పయ్యాక ఏడాది దాకా కూడా. దానికో సర్టిఫికెట్ ఇస్తారు. నిజంగా రిస్కే అయితే ప్రభుత్వం డబ్బులు పెట్టి ఎందుకు చేయిస్తుంది?" అంది. ఆ ప్రశ్నతో నాకు ధైర్యం వచ్చింది.

ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకి ఉచితంగా చెకప్ చేస్తారు కదా, 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద. అంతకుముందు కూడా వెళ్లాను. బీపీ, బరువు, రక్తం, మూత్రం అన్నీ చూశారు, నోరు తెరవమని మాత్రం ఎవరూ అనలేదు, నేనూ చెప్పలేదు, పళ్ల గురించి అక్కడ అడగకూడదేమో అనుకున్నాను. ఈసారి నా వంతు రాగానే ముందు అదే చెప్పాను. గైనకాలజిస్ట్ మేడమ్ సెల్‌ఫోన్ లైటు వేసి చూసి, "ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నావు? నీకిది మంచి టైమ్, నాలుగు నుంచి ఆరు నెలల మధ్య హాయిగా చేయించుకోవచ్చు" అన్నారు. నేను వదల్లేదు, కాగితం మీద రాసివ్వమని అడిగాను, ఎందుకంటే క్లినిక్‌లో నన్ను వెనక్కి పంపింది "రిస్క్" అన్న ఆ ఒక్క మాటే. 21 వారాలు, బీపీ నార్మల్, స్కేలింగ్ (గార తీసే క్లీనింగ్) చేయవచ్చు అని రెండు లైన్లు రాసి సంతకం పెట్టారు. గుణదల వైపు ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి ఉందని, అక్కడికి వెళ్లమని చెప్పింది మా ఆశా అక్క.

తర్వాతి వారం టిఫిన్ తినేసి (ఖాళీ కడుపుతో అసలు వెళ్లకండి), ఆధార్, తల్లీబిడ్డ కార్డు, ఆ కాగితం తీసుకుని పొద్దున్నే బయల్దేరాను. ఓపీ చీటీ రాయించుకుంటే ముందు నోటి జబ్బులు చూసే ఓరల్ మెడిసిన్ వాళ్లు చూశారు, అక్కడి నుంచి చిగుళ్ల విభాగానికి పంపారు, పెరియోడాంటిక్స్ అని బోర్డు ఉంటుంది. గైనిక్ మేడమ్ కాగితం చదవగానే ఇంకే ప్రశ్నా వేయలేదు. క్లీనింగ్‌కి నా దగ్గర డబ్బులు తీసుకోలేదు, మీరు వెళ్లినప్పుడు మాత్రం కౌంటర్లో ఒకసారి అడగండి.

బుడిపె చూపిస్తుంటే నా చేతులు వణికాయి. పీజీ డాక్టరమ్మ చూసి, "దీన్ని ప్రెగ్నెన్సీ ట్యూమర్ అంటాం, పేరు విని భయపడకండి, క్యాన్సర్ కాదు. హార్మోన్లు పెరిగి చిగుళ్లు ఉబ్బుతాయి, అక్కడే గార ఉంటే ఇలా లేస్తుంది, కాన్పయ్యాక మామూలుగా దానంతటదే తగ్గిపోతుంది" అన్నారు. నాకు కళ్లమ్మట నీళ్లు వచ్చేశాయి. పక్కనున్న హౌస్ సర్జన్ అమ్మాయి, నా చెల్లెలి వయసు, "ఏం లేదక్కా" అంటూ భుజం మీద చెయ్యి వేసింది.

కుర్చీలో పూర్తిగా వెల్లకిలా పడుకోబెట్టలేదు. ఓ దుప్పటి మడిచి నా కుడి నడుము కింద పెట్టి, కొంచెం ఎడమ వైపుకి ఒరిగి పడుకోమంది. వెల్లకిలా పడుకుంటే కడుపు బరువు పెద్ద రక్తనాళం మీద పడి కళ్లు తిరుగుతాయట. మిషన్ సన్నగా కీచుమంటుంది, నీళ్లు చిమ్ముతుంది, పెదవి దగ్గర పెట్టిన గొట్టం ఆ నీళ్లని లాగేస్తుంది. కింది ముందు పళ్ల వెనక ఉన్నప్పుడు రెండుసార్లు జివ్వుమంది, అంతే. గిన్నెలోకి ఉమ్మితే రక్తంతో పాటు గోడ పెచ్చు లాంటి గార ముక్క పడింది, గోధుమ రంగులో, గోరంత. అది ఎన్నేళ్ల నుంచి నా నోట్లో ఉందో.

సగం అయ్యేసరికి నాకు వికారంగా అనిపించింది, చెయ్యి ఎత్తాను. వెంటనే ఆపేసి, కూర్చోబెట్టి, మిగతాది వచ్చే వారం చేద్దామన్నారు. రెండోసారి ఇరవై నిమిషాల్లో అయిపోయింది.

పళ్లు వదులవుతాయా అని అత్తయ్య తరఫున కూడా అడిగాను. గార పోయాక పళ్ల మధ్య ఖాళీ తెలుస్తుంది, ఉబ్బిన చిగుళ్లు తగ్గుతాయి, అందుకే అలా అనిపిస్తుంది గానీ పన్నుని వదులు చేసేది ఆ గారే అని చెప్పారు. చిగుళ్ల జబ్బు బాగా ముదిరినవాళ్లలో నెలలు నిండకుండా కాన్పయ్యేవాళ్లు ఎక్కువ కనిపిస్తున్నారట, అయితే క్లీనింగ్ చేయిస్తే అది ఆగుతుందని రుజువు కాలేదని కూడా వాళ్లే చెప్పారు. అలా ఉన్నదున్నట్టు చెప్పడం నాకు నచ్చింది. వాంతి అయ్యాక వెంటనే బ్రష్ చేయకూడదు, వాంతిలోని ఆమ్లానికి పంటి పైపొర మెత్తబడి ఉంటుంది కాబట్టి అరిగిపోతుంది, నీళ్లలో కొంచెం వంట సోడా కలిపి పుక్కిలించి, ఓ గంట ఆగాలి. ఇదొక్కటి నాకు రెండో నెలలోనే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

పది రోజుల్లో నురగ తెల్లగా వచ్చింది. బుడిపె చిన్నదైంది కానీ కాన్పు దాకా ఉంది, ఇప్పుడు బాబుకి నెల నిండింది, వెతికినా కనిపించడం లేదు. ఆరు నెలలకి మళ్లీ రమ్మన్నారు, లెక్క చూస్తే వాడి పదో వారం టీకా దగ్గర్లోనే పడుతోంది, మర్చిపోకుండా ఆ తేదీ వాడి టీకాల పేజీలోనే పెన్సిల్‌తో రాసి పెట్టుకున్నాను.