కేప్ మేలో ఆదివారం పొద్దున

ఎడిసన్‌లో రోజూ ఎక్కి దిగే గార్డెన్ స్టేట్ పార్క్‌వే హైవే ఎక్కడికి పోతుందని అత్తయ్య అడుగుతూనే ఉన్నారు. న్యూజెర్సీ దక్షిణ కొసన, కేప్ మే దగ్గర సున్నా మైలు. సీజన్ అయ్యాక రేట్లు కాస్త దిగుతాయని ఆగి, నిన్న తీసుకెళ్లాం. బస ఒక పాత విక్టోరియన్ ఇంట్లో, అంటే 1800ల నాటిది. ఇప్పుడది బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్: గదీ, పొద్దున టిఫినూ కలిపి ఇస్తారు.

పొద్దున నేను మెట్లు దిగుతుంటే ఒక్కో మెట్టూ కిర్రుమంటోంది. మిగతా గదులవాళ్లు లేస్తారేమోనని నాకు టెన్షన్. అత్తయ్య అప్పటికే వరండాలో ఊగుడు కుర్చీలో సెటిలైపోయి, చూరు కింద చెక్క నగిషీ వైపు తలెత్తి చూస్తున్నారు.

"ఇదంతా చేత్తో చెక్కిందేనా అమ్మాయ్?"

కాదు. అప్పటికి ఆవిరితో నడిచే రంపాలు వచ్చేశాయి, లేసుల్లాంటి పనితనం చవగ్గా దొరికింది, అందరూ తలా కాస్త తగిలించారు. దగ్గరికెళ్తే తెలుస్తుంది: వంపుల్లో పెయింటు పొరలు పొరలుగా పేరుకుని అంచులు మొద్దుబారాయి, గాలివాటు వైపు మళ్లీ పెచ్చులూడుతోంది. ఉప్పుగాలికి ఏ రంగూ ఎక్కువకాలం ఆగదట.

టిఫిన్ అందరికీ ఒకే బల్ల మీద. బుక్ చేసినప్పుడే గుడ్డు వద్దని చెప్పాం కాబట్టి మాకు ఓట్స్, దాల్చినచెక్క వేసి కాల్చిన యాపిల్ పెట్టారు. ఎదురుగా కూర్చున్న ఫిలడెల్ఫియా జంటతో అత్తయ్య తనకొచ్చిన ఇంగ్లీషులో మనవల సంగతులన్నీ చెప్పేశారు. హోటల్లో అయితే ఈ మాటలు సాగవు. అందుకే నాకు ఇలాంటి చోట్లు ఇష్టం. మా ఆయనకు అందుకే ఇష్టం లేదు.

తర్వాత ఊరు తిరిగాం. 1872లో డబ్బున్న మగవాళ్ల జూదం క్లబ్బుగా కట్టిన మెయిన్‌స్టే చూసి అత్తయ్య, "పేకాట డబ్బైనా బాగానే కట్టారు" అన్నారు. 1878లో పెద్ద అగ్నిప్రమాదంలో ఊరి నడిబొడ్డున దాదాపు 35 ఎకరాలు తగలబడింది. కాంగ్రెస్ హాల్ హోటల్‌ను మరుసటి ఏడాది ఇటుకతో మళ్లీ లేపారు. 1891లో ప్రెసిడెంట్ బెంజమిన్ హారిసన్ వేసవి ఆఫీసు అందులోనే.

ఆ తర్వాత డబ్బూ జనమూ అట్లాంటిక్ సిటీకి మళ్లాయి. ఇక్కడ కొత్తవి కట్టేవాడు లేడు కాబట్టి పాతవాటిని కూల్చేవాడూ పెద్దగా లేడు. నిజంగా గండం వచ్చింది 1960లలో. 1879 నాటి ఫిజిక్ ఎస్టేట్ అనే భవంతిని కూడా కూల్చబోతుంటే 1970లో ఊరివాళ్లు సంఘం పెట్టి ఆపారు. 1976లో ఊరు మొత్తాన్నీ జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. ఇంత ఇంటికి రంగు ఖర్చైనా రావాలంటే గదులు అద్దెకివ్వడమే దారని బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్టులు వరసగా వెలిశాయి. ఫిజిక్ ఇప్పుడు మ్యూజియం, టికెట్ కొని చూశాం.

ఇదంతా చెబుతుంటే అత్తయ్య ఊ కొడుతూ నడిచారు. తెనాలిలో మా మామగారు కట్టిన ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేద్దామని బావగారు సంక్రాంతి నుంచి అంటున్నారు. దాని గురించి ఆవిడ ఇప్పటిదాకా అవుననలేదు, కాదనలేదు.

కారెక్కాక అన్నారు: "ఆ వరండా ఫొటోలు పెద్దాడికి పంపు. సంతకం సంగతి తర్వాత, ముందు ఆ టేకు గుమ్మాలు పీకించొద్దని నేనన్నానని పెట్టు."

పంపాను. పార్క్‌వే ఎక్కేలోపే బావగారి దగ్గర్నుంచి బొటనవేలు బొమ్మ వచ్చింది.

"అంటే సరేనన్నాడా, చూశానన్నాడా?"

"రెండూ కావచ్చు అత్తయ్యా."

"అయితే ఫోన్ కలుపు."

"అక్కడ అర్ధరాత్రి!"

"లేస్తాడులే, కలుపు."