స్ట్రైవ్, స్ట్రోవ్, ఇవ్వాడు

చెన్నైలో పిల్లలను పెంచే తెలుగువాళ్ళకు తమిళం గురించి బెంగ ఉంటుంది, తెలుగు గురించి మనసులో ఒక ముల్లు ఉంటుంది. ఇంగ్లీషు గురించి మాత్రం ఏ చింతా ఉండదు. దాని సంగతి బడి చూసుకుంటుందని ధీమా. మా ఇంట్లో ఆ ధీమాను స్ట్రైవ్ (పాటుపడు) అనే క్రియ కాస్త కదిపింది.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. కొన్ని క్రియలకు మూడు రూపాలూ రాసి, ఒక్కొక్క రూపంతో ఒక వాక్యం రాసుకు రమ్మన్నారు. ఇది స్ట్రైవ్, స్ట్రైవ్డ్, స్ట్రైవ్డ్ అని రాసింది. ఎర్ర సిరాతో అడ్డగీత పడింది. స్ట్రైవ్, స్ట్రోవ్, స్ట్రివెన్ అని రాయాలట. నిఘంటువు తీస్తే అందులో రెండూ ఉన్నాయి. స్ట్రోవ్‌ను ముందు చెప్పి, స్ట్రైవ్డ్ కూడా వాడుకలో ఉందని మెరియం-వెబ్‌స్టర్ అంటుంది, ఆక్స్‌ఫర్డ్ కూడా కాదనదు. వెళ్ళి టీచరుగారితో మాట్లాడదామా అన్నారు మావారు. ఎందుకు, వద్దన్నాను. అచ్చులో ఎక్కువగా కనిపించేది స్ట్రోవే, పరీక్షలో మార్కు వచ్చేదీ దానికే. అరమార్కు కోసం బడి గుమ్మం ఎక్కే ఓపిక నాకు లేదు.

అయితే పిల్ల అడిగిన ప్రశ్న మార్కుల గురించి కాదు. "అరైవ్‌కు అరైవ్డ్ అంటాం కదా అమ్మా, అరోవ్ అనం. మరి దీనికెందుకు స్ట్రోవ్?"

చాలా మంచి ప్రశ్న. ఇలాంటి ప్రశ్నలకు బడిలో రెండు నిమిషాలు కేటాయిస్తే వ్యాకరణం మీద పిల్లల కోపం సగం తగ్గుతుంది. అరైవ్, స్ట్రైవ్ రెండూ ఇంగ్లీషుకు సొంతం కావు. రెండూ ఫ్రెంచి నుంచి వచ్చినవే. ఎనిమిది వందల ఏళ్ళ క్రితం, ఇంగ్లండును ఫ్రెంచి మాట్లాడే దొరలు ఏలుతున్న రోజుల్లో, ఎస్త్రివే అనే పాత ఫ్రెంచి క్రియ ఇంగ్లీషులోకి దిగింది. బయటినుంచి వచ్చిన క్రియకు చివర డ్ తగిలించి పని కానివ్వడం ఇంగ్లీషు అలవాటు. అరైవ్‌కు అదే జరిగింది. స్ట్రైవ్ మాత్రం వినడానికి డ్రైవ్‌లా, రైడ్‌లా, రైట్‌లా ఉంది. అవి తాతల నాటి క్రియలు, లోపలి అచ్చును మార్చుకుని డ్రోవ్, డ్రివెన్ అని, రోడ్, రిడెన్ అని, రోట్, రిటెన్ అని నడుస్తాయి. స్ట్రైవ్ వాటి పక్కన చేరి వాటి నడకే నేర్చుకుంది. క్యాచ్ కథ కూడా ఇలాంటిదే. అదీ ఫ్రెంచి సరుకే, అయినా క్యాచ్డ్ అనిపించుకోకుండా కాట్ అయి కూర్చుంది. ఇలాంటివి ఇంగ్లీషులో వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని.

మన భాష ఈ విషయంలో ఎంతో కట్టుదిట్టం. సంస్కృతం నుంచి వచ్చిన మాటలకు ఇంచు చేర్చి ప్రయత్నించు, రక్షించు, ప్రారంభించు అని చేసుకున్నాం. ఆ పై రూపాలన్నీ ఒకే దారిన పోతాయి. పరవస్తు చిన్నయసూరి ఈ చెన్నపట్నంలోనే 1858లో వెలువరించిన బాలవ్యాకరణంలో క్రియలకంటూ ఒక పరిచ్ఛేదమే ఉంది. ఇంగ్లీషు మాటల దగ్గరకు వచ్చేసరికి ఇంచు కూడా ఇవ్వడం లేదు, చెయ్యి అనే క్రియను తోడిచ్చి పంపుతున్నాం. మేము ఫోను చేస్తాం, కింది ఇంటివాళ్ళు ఫోను పణ్ణుతారు, బెంగళూరులో మా ఆడపడుచు ఇరుగుపొరుగు ఫోను మాడుతారు. మూడు భాషలూ కూడబలుక్కున్నట్టు పరాయి క్రియను గుమ్మం దగ్గరే నిలబెట్టాయి. ట్రై చేశాను అంటామే తప్ప ట్రయాను అని ఎవరూ అనరు.

రూపాలు వచ్చినంత మాత్రాన వాడుక రాదు. మా అమ్మాయి రాసుకున్న మొదటి వాక్యానికి తెలుగు ఇది: "నేను నా సాక్సుల కోసం పాటుపడ్డాను." స్ట్రోవ్ తర్వాత ఫర్ పెట్టింది, తప్పేమీ లేదు. స్ట్రైవ్ తర్వాత నామవాచకం వస్తే ఫర్, క్రియ వస్తే టు, ఎదురొడ్డి పోరాడే సందర్భమైతే అగైన్‌స్ట్. వ్యాకరణం అంతా సరిగానే ఉంది. కాని సాక్సులకు అంత పెద్ద క్రియా? పాటుపడు అనే మాటను స్వాతంత్ర్యానికో, ఊరికి నీళ్ళు తేవడానికో, ముగ్గురు ఆడపిల్లల చదువుకో వాడతాం. మంచం కింద దొరికే వస్తువుకు వెతికాను అంటే చాలు. స్ట్రైవ్ కూడా అలాంటి పెద్దరికం ఉన్న మాటే. ఇంగ్లీషును బల్లమీద పుస్తకంలోంచి నేర్చుకునే మన పిల్లలకు ఈ తేడా తెలియదు, ఆ మాటను వంటింట్లోనో బస్సులోనో ఎవరి నోటా విని ఉండరు కాబట్టి. అందుకని ముందు తెలుగులో ఎక్కడ పాటుపడు అంటావో అక్కడే స్ట్రైవ్ వెయ్యి అన్నాను. ఈ కొలత అన్నిచోట్లా పనిచేయకపోవచ్చు గాని సాక్సులను మాత్రం తప్పించింది.

ఇక మా చిన్నవాడి సంగతి. వాడు ఒకటో తరగతి. ఒకరోజు బయటనుంచి వచ్చి, "మామయ్య నాకు చాక్లెట్టు ఇవ్వాడు" అన్నాడు. ఒంగోలునుంచి వచ్చి మాతో ఉన్న మా అత్తయ్యగారు పకపకా నవ్వారు. మనవడి మీద ప్రేమతోనే నవ్వారు, నాకు తెలుసు. కాని వాడు మొహం ముడుచుకుని ఆ మాటే తమిళంలో చెప్పాడు, కొడుత్తార్ అని. తమిళంలో వాణ్ణి చూసి ఎవరూ నవ్వరు.

"అత్తయ్యా, నవ్వకండి" అన్నాను. "మీరు నవ్వారు, నవ్వుకు నవ్వాడు. వాడి లెక్కలో ఇవ్వుకు ఇవ్వాడు."

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "అవునే, మరి మనమెందుకు ఇచ్చాడు అంటాం?" అన్నారు. ఎనిమిదో తరగతి ప్రశ్నే మళ్ళీ వచ్చింది, ఈసారి డెబ్భై దాటినావిడ నోట.

పిల్లలు విన్నది తిరిగి అప్పజెప్పరు, సూత్రం పట్టుకుంటారు. జీన్ బెర్కో అనే అమెరికన్ పరిశోధకురాలు 1958లో దీన్ని చక్కగా చూపించింది. నాలుగేళ్ళ నుంచి ఏడేళ్ళ పిల్లలకు బొమ్మలు చూపించి, లోకంలో లేని క్రియలు కల్పించి చెప్పింది. ఈయనకు రిక్ చేయడం తెలుసు, నిన్నా అదే చేశాడు, నిన్న ఏం చేశాడు? ఎప్పుడూ వినని మాటకు పిల్లలు రిక్డ్ అని జవాబిచ్చారు. గ్లింగ్ అనే మరో క్రియకు చాలామంది పిల్లలు గ్లింగ్డ్ అంటే, పెద్దవాళ్ళు గ్లాంగ్, గ్లంగ్ అని కూడా మొగ్గారు. స్ట్రైవ్‌ను స్ట్రోవ్ చేసింది అలాంటి పెద్దవాళ్ళే అయి ఉంటారు. మావాడి ఇవ్వాడు రిక్డ్ కోవలోది. వాడు తెలుగు మరిచిపోతున్నాడనడానికి గుర్తు కాదు, తెలుగు వాడిలో పనిచేస్తోందనడానికి గుర్తు.

సూత్రానికి లొంగని రూపాలు మరి ఎలా నిలుస్తాయి? అమెరికాలో కొందరు గణిత పరిశోధకులు 2007లో ఈ లెక్క తీశారు. పాత ఇంగ్లీషులో సూత్రానికి లొంగని క్రియలు 177 తీసుకుంటే, మధ్యయుగపు ఇంగ్లీషు నాటికి వాటిలో 145 అలాగే ఉన్నాయి, నేటికి 98 మిగిలాయి. ఒకప్పుడు హెల్ప్‌కు హోల్ప్ అనేవారు, క్లైంబ్‌కు క్లోంబ్ అనేవారు. ఒక క్రియ వాడకం మరో క్రియ వాడకంలో వందో వంతు ఉంటే అది పది రెట్లు వేగంగా సూత్రానికి లొంగిపోతుందని వాళ్ళు తేల్చారు. గో, కమ్, సే, టేక్ లాంటివి రోజంతా నోట్లో నానుతాయి గనుక చెక్కుచెదరలేదు. స్ట్రైవ్ అరుదుగా వినిపిస్తుంది గనుక స్ట్రైవ్డ్ లోపలికి వచ్చేస్తోంది. ఈ లెక్కన మా అమ్మాయి చేసింది తప్పు కాదు, తొందరపాటు.

ఈ లెక్క చదివిన తర్వాత పిల్లల తెలుగు గురించి నా పద్ధతి మారింది. ఒంగోలులో ఇచ్చాడు అనే మాట పాలవాడి దగ్గర, కిరాణా కొట్లో, ఆటోలో, అరుగు మీద వినిపిస్తూనే ఉంటుంది. చెన్నైలో అది మా వంటింటి నాలుగు గోడల మధ్యే. అక్కడ నిత్యం వాడే క్రియ ఇక్కడ స్ట్రైవ్ అంత అరుదైన క్రియ అయిపోతుంది. కాబట్టి పిల్లవాణ్ణి ఆపి సరిదిద్దడం కంటే ఎక్కువగా వినిపించడమే పని అనుకున్నాను. వాడు ఇవ్వాడు అంటే, "మామయ్య ఇచ్చాడా? అక్కకూ ఇచ్చాడా? నీకొక్కడికే ఇచ్చాడా?" అని అడుగుతాను. తెలుగు వర్క్‌బుక్కులు కొన్నవి అల్మరాలో ఉన్నాయి, వాటిమీద నాకంత నమ్మకం లేదు. వాటికంటే మా అత్తయ్యగారి పెళ్ళి కబుర్లు నయం. ఎవరి పెళ్ళికి ఎవరు ఏమి ఇచ్చారు, ఇస్తామని ఎవరు ఇవ్వలేదు, ఇచ్చినది తిరిగి ఎవరు తెచ్చారు, గంటసేపు సాగుతుంది. ఇవ్వు, తెచ్చు, పెట్టు అన్ని రూపాలలోనూ, వ్యతిరేకార్థంతో సహా! ఏ వాచకమూ అంత సాధన ఇవ్వదు.

తమిళం అడ్డువస్తుందని భయపడేవాళ్ళను చూస్తే నాకు విసుగు. తమిళనాడు 2006లో చట్టం చేసి బడిలో తమిళం తప్పనిసరి చేసినప్పటినుంచి మనవాళ్ళ ఇళ్ళలో ఈ గొణుగుడు వింటూనే ఉన్నాను. తమిళులు వా అంటారు, వందాన్ అంటారు. కన్నడిగులు బా, బందను అంటారు. మనం రా, వచ్చాడు అంటాం. మూడింటిలోనూ అదే క్రియ, మూడింటిలోనూ సూత్రానికి లొంగనిది. ఈ భాషల ఉమ్మడి మూలంలోని వర్ అనే ధాతువు తారుమారై మన రా అయిందని భాషా శాస్త్రజ్ఞులు చెబుతారు. ఈ చుట్టరికాన్ని మొదట అచ్చులో పెట్టినదీ ఈ ఊళ్ళోనే. 1816లో ఇక్కడ అచ్చయిన క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణపు ముందుమాటకు చేర్చిన వ్యాసంలో, కంపెనీ అధికారి ఎల్లిస్ దొర తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను పక్కపక్కన పెట్టి చూపించాడు. తమిళం బాగా వచ్చిన పిల్లకు తెలుగు క్రియ సగం వచ్చినట్టే.

ఇంటిపనికి ఇంకా రెండు వాక్యాలు మిగిలాయి. సాంఘిక శాస్త్రం పుస్తకం మొదటి పేజీలలో ప్రాథమిక విధులు ఉంటాయి, అక్కడ స్ట్రైవ్ దొరుకుతుంది చూడు అన్నాను. రాజ్యాంగం 51ఎ అధికరణంలో జె అనే ఖండం అది, అన్ని రంగాలలో శ్రేష్ఠత కోసం పాటుపడటం పౌరుడి విధి అంటుంది. 38వ అధికరణంలో ప్రజాసంక్షేమానికి రాజ్యం పాటుపడాలనీ అదే క్రియ వాడారు. క్రియ ఎంత పెద్దమనిషి తరహాదో దానికి అప్పుడు అర్థమైంది. వాక్యం రాసుకుని, ఊరుకోకుండా కింది ఖండం కూడా చదివింది. జె తర్వాత కె, 2002లో చేర్చినది. ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ వరకు పిల్లలకు చదువుకునే అవకాశం కల్పించడం తల్లిదండ్రుల విధి అని.

"అమ్మా, నాకు పదమూడు. మీ విధి ఇంకో ఏడాదే" అంది.

"ఆ తర్వాత ఫీజు ఎవరు కట్టాలో కూడా రాశారేమో చూడు తల్లీ" అన్నారు మా అత్తయ్యగారు, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ.