తెప్పకి చక్రాల బండి

ఒడిశాలో మా గోపాల్‌పూర్ ఒడ్డున ఫైబర్ తెప్పని ఇసక మీదకి లాగాలంటే పదిమంది భుజాలు కావాలి. కుర్రాళ్లు సగంమంది సూరత్ పోయారు. అందుకే నాన్నా నేనూ బండి కట్టాం.

ఇనప పైపు చట్రం మీద రెండు సరుగుడు దుంగలు, తెప్ప అడుగు వంపుకి చెక్కి, పాత లారీ ట్యూబు చుట్టాం. బరువు నడిమి వెన్ను మీదే పడాలి, పక్కలు ఊరికే ఆనాలి. లేదంటే ఫైబర్ చిట్లుతుంది.

ఇరుసు సరిగ్గా మధ్యలో పెట్టాను. ఇంజను బరువంతా వెనకే కదా, తెప్ప ఎక్కించగానే ముక్కు గాల్లోకి లేచింది. నాన్న ఏమీ అనలేదు, జానెడు కొలిచి ఇరుసుని వెనక్కి జరిపించాడు. అంతే, కుదురుకుంది.

టైర్లలో గాలి తగ్గిస్తే వెడల్పుగా పరుచుకుంటాయి, ఇసకలో దిగబడవు. ఉప్పునీళ్లలో దిగిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి బేరింగులకి గ్రీజు పెడుతున్నా. వానల్లో ముక్కు ఎత్తి, నీళ్లు కారిపోయేలా వెనక బిరడా తీసి ఉంచుతాం.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను ఇక్కడే తీరం దాటింది. లాగే మనుషుల్లేక మా పాత తెప్ప ఒడ్డునే ఉండిపోయింది. తెల్లారి దాని ముక్కు చెక్క ఒక్కటే దొరికింది. నాన్న దాన్ని ఈ బండికి ముందు అడ్డపట్టీగా బిగించాడు.