వెగాస్ నుంచి పారిపోయి డాంటేస్ వ్యూ మీద చుక్కలు చూశాం

లాస్ వెగాస్‌లో రాత్రిపూట తలెత్తి చూస్తే ఆకాశం నల్లగా కూడా ఉండదు, అదో రకం మురికి నారింజ రంగు. పైగా లగ్జర్ హోటల్ వాళ్ళు తమ పిరమిడ్ ఆకారపు భవనం కొసన జెనాన్ దీపాలు పెట్టి 1993 నుంచీ నేరుగా పైకే వెలుగు కొడుతున్నారు, ఇంక చుక్కల మాట ఎత్తక్కర్లేదు. అందుకే ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్య చూసుకుని నేను, అక్క, బావగారు, వాళ్ళబ్బాయి డెత్ వ్యాలీకి బయల్దేరాం. దారిలో పరంప్ అనే ఊళ్ళో కారుకి పెట్రోలు నింపించుకోవాలి, మ్యాప్‌లు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి, ఆ తర్వాత సిగ్నల్‌ని నమ్ముకోవడం దండగ.

డాంటేస్ వ్యూ అంటే ఆ లోయ అంచున కొండ మీద ఉన్న చోటు, 1,669 మీటర్ల ఎత్తు. కింద సముద్రమట్టానికి 86 మీటర్లు దిగువన తెల్లగా బ్యాడ్‌వాటర్ ఉప్పు నేల. పేరుకి ఎడారే గానీ మార్చి రాత్రి ఆ గాలికి పళ్ళు టకటకలాడాయి.

బాగా చీకటి పడ్డాక పడమటి కొండల మీద మసక వెలుగు ఒకటి గోపురంలా నిలబడింది. "అటుపక్క ఏ ఊరుందిరా?" అన్నారు బావగారు. ఊరూ లేదు ఏమీ లేదు, అది జోడియాకల్ లైట్. గ్రహాలు తిరిగే తలంలో పరుచుకున్న సన్నటి ధూళి మీద సూర్యకాంతి పడి అలా కనిపిస్తుంది, ఈ నెలల్లో సాయంత్రాలు నిటారుగా లేస్తుంది కాబట్టి చూడ్డానికి ఇదే అదను. ఈలోగా మావాడు తూర్పుకి తిరిగి "మావయ్యా, అదేనా పాలపుంత?" అన్నాడు. కాదు నాన్నా, అది వెగాస్! దాదాపు 140 కిలోమీటర్ల అవతలి నుంచి కూడా వదల్లేదు మమ్మల్ని. 2013లోనే డార్క్ స్కై పార్క్‌గా, అంటే రాత్రి ఆకాశం బాగా చీకటిగా ఉండే చోటుగా గుర్తింపు తెచ్చుకున్న చోటి పరిస్థితే ఇది.

కళ్ళు చీకటికి అలవాటు పడాలంటే ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. టార్చికి ఎర్ర కాగితం చుట్టాం, ఫోన్లు జేబుల్లోనే. అంతా కుదిరిందనుకునేసరికి ఎవడో కారు హైబీమ్‌తో పైకొచ్చాడు, మళ్ళీ మొదటికి.

కుదిరాక మాత్రం పిల్లల కోడి (కృత్తికలు) గుంపులో ఆరు చుక్కలు దాటి లెక్కపెట్టాడు మావాడు. సప్తర్షుల్లో వశిష్ఠుడి పక్కనే అరుంధతి విడిగా, స్పష్టంగా. "మా పెళ్ళిలో పట్టపగలు పంతులుగారు చూపిస్తే కనబడింది కనబడింది అన్నాం, ఇదన్నమాట!" అంది అక్క. ధ్రువ నక్షత్రం మన హైదరాబాద్‌లో దిక్చక్రానికి 17 డిగ్రీల ఎత్తునే ఉంటుంది, ఇక్కడ 36. మెడ ఎత్తాల్సిందే.

పాలపుంత నడిమి భాగం కావాలంటే మాత్రం మార్చిలో తెల్లవారుజాము దాకా మేలుకోవాలి. ఎండాకాలంలో పొద్దుగూకగానే కనిపిస్తుంది గానీ, 1913 జులైలో 56.7 డిగ్రీలు నమోదైన లోయ ఇది, ఆ ధైర్యం నాకు లేదు. బావగారికి పొద్దున్నే ఫ్లైట్ ఉండటంతో ఒంటిగంటకల్లా సర్దేశాం.